ఓర్చుకో, లేదంటే తీయించుకో!

ఆడదానికి నెలసరి నొప్పి వస్తే మన సమాజం దగ్గర రెండే మందులున్నాయి. పదిహేనేళ్ళప్పుడు ఓర్పు, ముప్ఫై అయిదేళ్ళప్పుడు కత్తి. మధ్యలో ఉన్న ఇరవై ఏళ్ళూ ఆమె ఆ నొప్పిని ఎవరికీ చెప్పకుండా, చెప్పినా ఎవరూ వినకుండా, పొలంలోనూ వంటింట్లోనూ ఆఫీసులోనూ మోసుకు తిరగాలి. "ముట్టునొప్పి కూడా ఒక నొప్పేనా" అని తల్లీ, అత్తా, టీచరూ, డాక్టరూ ఒకే గొంతుతో అంటారు. ఇంకొన్నాళ్ళకి ఆ గొంతే "పిల్లలు పుట్టారుగా, ఇంకా గర్భసంచి దేనికి, తీయించెయ్" అంటుంది. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డట్టు కనిపిస్తాయి గానీ, రెండూ పుట్టింది ఒక్కచోటే. ఆమె చెప్పేది వినక్కర్లేదు, ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో పరీక్ష చేసి తెలుసుకోనక్కర్లేదు అన్న చోట.

నేను మెదక్, సంగారెడ్డి వైపు పల్లెల్లో మహిళా సంఘాల మీటింగులకు వెళ్తుంటాను. ఆరోగ్యం గురించి మాట్లాడుకుందామని కూర్చుంటే ముందు ఎవరూ నోరు విప్పరు. ఒకామె తెల్లబట్ట సంగతి ఎత్తుతుంది, ఇంకొకామె నడుంనొప్పి అంటుంది. కాసేపటికి ఎవరో "నాదైతె తీసేసిన్రు అక్కా" అంటారు. ఆ మాటతో చుట్టూ ఉన్నవాళ్ళలో నలుగురైదుగురు "నాది గూడ", "నాది గూడ" అంటారు. వాళ్ళలో ముప్ఫై దాటనివాళ్ళు కూడా ఉంటారు. ఎందుకు తీశారమ్మా అంటే, "ముట్టైనప్పుడు కడుపుల నొప్పి లేస్తుండె. దవాఖానకు పోతె, గర్భసంచికి పుండైంది, తియ్యకుంటె కాన్సరైతది అన్నడు సారు" అని జవాబు. ఏం పరీక్ష చేశారు? స్కానింగు. ఇంకా? ఇంకేం లేదు. కొన్నాళ్ళు మందులు వాడి చూడమన్నారా? ఆ ప్రశ్నకి నవ్వు వస్తుంది వాళ్ళకి. "మందులకని దినాం తిరిగితె కూలి ఎవరిస్తరక్కా?"

ఇది ఒక్క జిల్లా కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారిగా గర్భసంచి తీయించుకున్నారా అని స్త్రీలను నేరుగా అడిగింది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది తీయించుకున్నామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. 2019-21 సర్వేలోనూ మనమే ముందున్నాం. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. ఎందుకు తీయించుకున్నారంటే సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, నొప్పి. క్యాన్సర్ కాదు. ముట్టునొప్పీ ఒక నొప్పేనా అని మనం తీసిపారేసిన నొప్పే, ఆఖరికి ఆపరేషన్ టేబుల్ ఎక్కిస్తోంది.

అందుకే ఈ నొప్పి గురించి వివరంగా మాట్లాడాలంటున్నాను. అది రహస్యమేమీ కాదు. నెలనెలా గర్భసంచి లోపలి పొర ఊడి రక్తంతో బయటికి వచ్చేటప్పుడు, ఆ పొరలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని పిండుతాయి. పిండినప్పుడు ఆ కండరానికి రక్తం అందడం తగ్గుతుంది, అందుకే నొప్పి. ఈ రసాయనాలు ఎక్కువగా తయారయ్యే వాళ్ళకి నొప్పి ఎక్కువ. అవి పక్కనున్న పేగుల మీదా పనిచేస్తాయి కాబట్టే కొంతమంది ఆడపిల్లలకి వాంతులు, విరేచనాలు, తలనొప్పి, ఒళ్ళు చల్లబడడం. ఇది నాటకం కాదు, బడి ఎగ్గొట్టడానికి వేషం కాదు, సుకుమారం అంతకన్నా కాదు. రజస్వల అయిన ఆరు నెలల నుంచి ఏడాది, రెండేళ్ళ లోపు ఇది మొదలవుతుంది. రక్తం కనిపించే ముందో, కనిపించగానేనో వచ్చి ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉండి పోతుంది. ఒంట్లో వేరే జబ్బేమీ లేకుండా వచ్చే నొప్పి ఇది. వయసు పెరిగేకొద్దీ, కాన్పుల తర్వాత కొంతమందికి తగ్గుతుంది కూడా. "పెళ్ళయితే అదే తగ్గుతుంది" అనే మాటకున్న ఆధారం ఆ కొంతమందే. పదిహేనేళ్ళ పిల్లకి కడుపునొప్పికి పెళ్ళిని మందుగా రాసే దేశం మనది!

దీనికి మందుంది. ఆస్పిరిన్ జాతి మందులు ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయని జాన్ వేన్ 1971లోనే నిరూపించాడు. ఆ పరిశోధనకి 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ ఆ పని చేసేవే, పెద్ద ఖరీదైనవీ కావు. యాభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ మన ఇళ్ళలో నొప్పి బిళ్ళ అడిగిన పిల్లకి "అవి మింగితే రేపు పిల్లలు పుట్టరు" అని బెదిరింపు. ఇది అబద్ధం. నెలకి రెండు మూడు రోజులు ఈ బిళ్ళలు వేసుకుంటే గర్భసంచి పాడవదు, పిల్లలు పుట్టకుండా పోరు. మింగే పద్ధతి మాత్రం తెలియాలి. నొప్పితో మెలికలు తిరిగిపోయాక ఒక బిళ్ళ వేసుకుంటే పెద్దగా పనిచెయ్యదు, ఎందుకంటే ఆ రసాయనం అప్పటికే తయారైపోయింది. నొప్పి మొదలవుతుండగానే, ఏదైనా తిన్నాక వేసుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో వేళకి వేళ రెండు మూడు రోజులు వాడాలి. కడుపులో అల్సరు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళూ, ఈ జాతి మందులు పడనివాళ్ళూ, గర్భం వచ్చిందేమోనన్న అనుమానం ఉన్నవాళ్ళూ డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. 2023 చివర్లో మెఫెనమిక్ ఆసిడ్ గురించి భారత ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాలకి దెబ్బ తగిలే తీవ్రమైన ఎలర్జీ రావచ్చన్నారు. దద్దుర్లు, జ్వరం కనిపిస్తే మందు ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళమని దాని అర్థం. కానీ మన పత్రికలూ టీవీలూ దాన్ని ఎట్లా చెప్పాయి? ముట్టునొప్పి బిళ్ళ వేసుకుంటే చచ్చిపోతారన్నట్టు. ఎన్ని ఇళ్ళలో "చూశావా, నేను చెప్పలా" అన్నారో!

వేడి కాపడం కొట్టిపారేయాల్సిన చిట్కా కాదు. వేడినీళ్ళ సీసా పొత్తికడుపు మీద పెట్టుకుంటే నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లోనే తేలింది. నడక, వ్యాయామం కూడా మేలు చేస్తాయి. మూలన కూర్చోబెట్టి, నీళ్ళు ముట్టుకోకు, పచ్చడి ముట్టుకోకు అనే ఆచారం ఒంటికి ఏ మేలూ చెయ్యదు. (మూలన కూర్చోబెట్టడం వల్ల ఆ మూడు రోజులైనా విశ్రాంతి దొరికేదని వాదించే పెద్దలుంటారు. విశ్రాంతి కావాలంటే మంచం మీద ఇవ్వొచ్చు, అంటు పెట్టక్కర్లేదు.) నొప్పి బిళ్ళ సరిపోని వాళ్ళకి గర్భనిరోధక మాత్రలు బాగా పనిచేస్తాయి. పొర పలచబడుతుంది, రక్తం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. పెళ్ళికాని పిల్లకి ఆ మాత్ర రాస్తే ఊళ్ళో ఏమనుకుంటారో అన్న భయంతో రాయని డాక్టర్లున్నారు, రాసినా కొననివ్వని తల్లిదండ్రులున్నారు. ఇక్కడ వైద్యాన్ని ఆపుతున్నది జబ్బు కాదు, శీలం. బి.పి., రక్తం గడ్డకట్టే జబ్బు, కొన్ని రకాల మైగ్రేన్ తలనొప్పి ఉన్నవాళ్ళు మాత్రం ఆ మాత్రలు వాడకూడదు. అది చూసి చెప్పడమే డాక్టరు పని.

ఇంతవరకూ చెప్పింది జబ్బు లేని నొప్పి. జబ్బు ఉన్న నొప్పి వేరే. మన కార్యకర్తలందరికీ నోటికి రావాల్సిన తేడా ఇదే. చిన్నప్పటి నుంచీ ఒకే తీరుగా ఉండి, మందుకి తగ్గే నొప్పి ఒకటి. ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా ఉండి పాతికేళ్ళు దాటాక కొత్తగా మొదలైన నొప్పి, ఏటికేడు పెరిగే నొప్పి, నెలసరి అయిపోయాక కూడా పోని నొప్పి, కలయికప్పుడు లోతుగా కలిగే నొప్పి, ముట్టు రోజుల్లో మల మూత్రాలకు వెళ్ళేటప్పుడు ప్రాణం పోయేట్టుండే నొప్పి ఇంకొక రకం. వీటికి ఎండోమెట్రియోసిస్, ఎడినోమయోసిస్, గర్భసంచిలో గడ్డలు, ఇన్ఫెక్షన్, కాపర్-టి, ఒక్కోసారి గర్భసంచికి సోకిన టి.బి. కారణం కావచ్చు. బిళ్ళ సరిగ్గా వాడినా రెండు మూడు నెలల్లో గుణం కనిపించకపోతే, బడికో పనికో వెళ్ళలేకపోతుంటే, అది డాక్టరుకి చూపించాల్సిన నొప్పే. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, వారం దాటి రక్తం ఆగకపోయినా అంతే. మన దేశంలో సగానికి పైగా స్త్రీలు, 2019-21 సర్వే ప్రకారం నూటికి 57 మంది, రక్తహీనతతో ఉన్నవాళ్ళు. నెలనెలా పోయే రక్తాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఐరన్ బిళ్ళలు పంచితే ఏం లాభం?

కొన్నిటికి రేపటిదాకా ఆగకూడదు. నెల తప్పి, ఒక పక్క విపరీతమైన నొప్పి లేచి, కళ్ళు తిరిగి పడిపోతే అది గర్భసంచి బయట ట్యూబులో పెరిగిన గర్భం పగిలిందేమో. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిందిగా అని నిమ్మళంగా ఉండొద్దు, ఆపరేషన్ అయిన వాళ్ళకీ అరుదుగా ఇది వస్తుంది. గంటల్లో ప్రాణం పోతుంది. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి కలిసి వచ్చినా ఆలస్యం చెయ్యకూడదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పదిహేనేళ్ళొచ్చినా రజస్వల కాని పిల్లకి నెలనెలా కడుపునొప్పి వస్తుంటే, దారి మూసుకుపోయి రక్తం లోపలే నిలిచిపోతోందేమో చూడాలి. చిన్న ఆపరేషన్‌తో పోయేది. దాన్ని దిష్టి అనో, గాలి సోకిందనో తాయెత్తులు కట్టించే ఊళ్ళు ఇంకా ఉన్నాయి.

ఎండోమెట్రియోసిస్ గురించి ఇంకో మాట. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరగడం ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో నూటికి పది మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఉంది. లక్షణాలు మొదలయ్యాక జబ్బు పేరు తెలియడానికి 4 నుంచి 12 ఏళ్ళు పడుతోందని ఆ సంస్థే చెప్తోంది. పన్నెండేళ్ళు! డయాబెటిస్‌ని పన్నెండేళ్ళు కనిపెట్టకపోతే దాన్ని వైద్యం అంటారా? ఈ జబ్బు మామూలు స్కానింగులో చాలాసార్లు కనపడదు. "స్కానింగు నార్మల్, నీకేం లేదు, టెన్షన్ పెట్టుకోకు" అని పంపించేస్తారు. స్కానింగు నార్మల్ అయితే నొప్పి అబద్ధమని కాదు. చెప్పింది విని, మందులతో వైద్యం మొదలుపెట్టి, అవసరమైతే పై పరీక్షకి పంపాలి. ఎన్నేళ్ళ నుంచి, నెలలో ఏ రోజుల్లో, ఏ పని చెయ్యలేకపోతున్నావు అని అడగడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరిస్తున్నారు?

పెళ్ళికాని ఆడపిల్లని గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళడమంటే మన ఊళ్ళలో అదొక పుకారుకి పునాది వెయ్యడమే. తల్లి భయం నాకర్థమవుతుంది. ఆ భయాన్ని పెంచేది మాత్రం ఆసుపత్రే. పదిమంది ముందు "పెళ్ళయిందా" అని గట్టిగా అరిచే నర్సు, పిల్ల ముఖం చూడకుండా తల్లితోనే మాట్లాడే డాక్టరు, అడక్కుండా లోపలి పరీక్ష చెయ్యబోయే చేతులు. పెళ్ళికాని పిల్లకి ముట్టునొప్పికి మొదటి రోజే లోపలి పరీక్ష చెయ్యాల్సిన అవసరం లేదు. నీళ్ళు తాగించి, మూత్రం నిండా ఉన్నప్పుడు పొట్ట మీదనుంచే స్కానింగు చెయ్యవచ్చు. వద్దనే హక్కు ఆ పిల్లకుంది. ఏం పరీక్ష, ఎందుకు అని అడిగే హక్కు ఉంది. పక్కన ఇంకొక ఆడమనిషి ఉండాలని కోరే హక్కు ఉంది. ఇవి ఏ డాక్టరూ దయతలచి ఇచ్చేవి కావు.

ఇక పని చేసే చోటు. 2019లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేఖరులు తమిళనాడు బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే సుమారు వంద మంది స్త్రీలతో మాట్లాడారు. ముట్టునొప్పి అంటే సూపర్‌వైజర్లు పేరు కూడా లేని బిళ్ళలు చేతిలో పెట్టి మళ్ళీ మిషను ముందు కూర్చోబెట్టారని తేలింది. ఏం మందో, ఎంతవరకు వాడాలో చెప్పినవాళ్ళు లేరు. అదే ఏడు మహారాష్ట్రలో బీడ్ జిల్లా సంగతి బయటపడింది. చెరకు నరికే కూలీలు, భార్యాభర్తలు ఒక జతగా కాంట్రాక్టరు దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటారు. ఒక్క రోజు పని మానితే జరిమానా. ముట్టు రోజుల్లో నొప్పితో పడుకుంటే డబ్బు పోతుంది. ప్రభుత్వం వేసిన కమిటీ 82,309 మంది స్త్రీలను సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి తీసేసి ఉంది. ఫ్యాక్టరీలో పేరులేని బిళ్ళ, చెరకు తోటలో కత్తి. రెండుచోట్లా చూసింది ఆమె నొప్పిని కాదు, పోయే పని గంటల్ని.

ఈ మాట అంటే సెలవుల వాదన వస్తుంది. బీహార్‌లో 1992 నుంచే ప్రభుత్వ ఉద్యోగినులకు నెలకి రెండు రోజులు ప్రత్యేక సెలవు ఉంది. స్పెయిన్ 2023లో చట్టం చేసింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు సంస్థల్లో పనిచేసే స్త్రీలకు కూడా నెలకొక రోజు ఇవ్వాలని నిర్ణయించింది. 2023 డిసెంబరులో రాజ్యసభలో అప్పటి కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ మంత్రి స్మృతి ఇరానీ నెలసరి వైకల్యం కాదు, స్త్రీ జీవితంలో సహజమైన భాగమని, జీతంతో సెలవు అక్కర్లేదని అన్నారు. సెలవు తప్పనిసరి చేస్తే స్త్రీలను ఉద్యోగాల్లోకి తీసుకోకుండా పోతారేమోనని 2024 జూలైలో సుప్రీంకోర్టు అంది. నొప్పి గురించి ఎక్కువ మాట్లాడితే ఆడవాళ్ళు బలహీనులన్న పాత పాట మళ్ళీ మొదలవుతుందని మన స్త్రీవాద మిత్రులు కొందరు కూడా జంకుతారు. ఈ భయం నాకు కొత్త కాదు, గౌరవమే. ఒప్పుకోను. నెలసరి సహజమే. కాన్పూ సహజమే, అయినా కాన్పులో చచ్చిపోతున్న వాళ్ళని సహజమని వదిలెయ్యలేదు. నొప్పిని దాచి సంపాదించుకున్న సమానత్వం మగవాడి ఒంటికి కుట్టిన చొక్కా. అది మనకి పట్టదు.

అలాగని సెలవుతో సరిపెట్టుకుందామా? నెలకొక రోజు పడుకోమనడం, ఎందుకు నొప్పో అడక్కపోవడం, అది కూడా ఓర్చుకోమనే మాటే, కాస్త జీతం కలిపి. పైగా నాట్లు వేసే కూలికీ, ఇళ్ళల్లో పాచిపని చేసే మనిషికీ, బీడీలు చుట్టే ఆమెకీ ఎవరిస్తారు సెలవు? సెలవు కావాలి, దానితోపాటు వైద్యమూ కావాలి. ఒకటి చూపించి ఇంకొకటి ఎగ్గొడితే ఊరుకోకూడదు.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులతో ఒక పేచీ ఉంది నాకు. పదిహేనేళ్ళుగా నెలసరి అంటే నాప్కిన్ అయిపోయింది. కేంద్ర ప్రభుత్వ పథకం 2011లో మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 'స్వేచ్ఛ' పేరుతో బడి పిల్లలకి పంచారు, ప్రాజెక్టులూ నిధులూ అన్నీ దాని చుట్టూనే. నాప్కిన్ వద్దనడం లేదు. మసిగుడ్డతో, ఇసుకతో గడిపిన ఆడవాళ్ళున్న దేశంలో అది హక్కే. కానీ పరిశుభ్రత, పరిశుభ్రత అని జపం చేస్తుంటే ముట్టు మురికి అన్న పాత మాటనే కొత్త ప్యాకెట్లో పెట్టి పంచినట్టు కాదా? ఎన్ని ప్యాడ్లు పంచామో రిపోర్టులో గడి ఉంటుంది. ఎంతమంది పిల్లలు నొప్పితో బడి మానారో, వాళ్ళలో ఎంతమందిని డాక్టరుకి చూపించామో రాయడానికి గడి ఉండదు. ప్యాడ్ లెక్క పెట్టడం తేలిక, కంపెనీకి అమ్మకం కూడా. నొప్పిని వినాలంటే కూర్చోవాలి. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు అనుకున్నది స్త్రీలు తమ ఒంటి గురించి తామే తెలుసుకుని అడగాలనే కదా. ఆ పనిని ప్యాకెట్లకి అప్పజెప్పలేం.

మళ్ళీ గర్భసంచి దగ్గరికి వస్తాను, మన రాష్ట్రాల సిగ్గు అక్కడే ఉంది కాబట్టి. దేశంలో ఎక్కువ ట్యూబెక్టమీలు జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాతికేళ్ళకే పిల్లల ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ప్రభుత్వానికి ఆమెతో పని లేదు. అప్పటినుంచి నొప్పి అన్నా, రక్తం అన్నా చూసే దిక్కు ఊళ్ళో ఆర్.ఎం.పి., అతను పంపించే ప్రైవేటు నర్సింగ్ హోము. "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా అదెందుకు" అన్న తర్కం అందరికీ నచ్చుతుంది, మొగుడికీ, డాక్టరుకీ, ఒక్కోసారి విసిగిపోయిన ఆమెకీ. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆ డబ్బు కూడా సర్కారే కట్టడంతో ఈ ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, మహిళా సంఘాలూ ఆరోగ్య కార్యకర్తలూ గోల చేశాక ప్రైవేటు ఆసుపత్రుల మీద కట్టడి పెట్టాల్సి వచ్చింది. పేదవాళ్ళ కోసం పెట్టిన పథకం, పేద స్త్రీ గర్భసంచిని ఒక బిల్లుగా మార్చింది.

గర్భసంచి తియ్యడమే తప్పని నేననడం లేదు. క్యాన్సర్‌కి, మందులకి లొంగని రక్తస్రావానికి, కొన్ని రకాల గడ్డలకి అది ప్రాణం నిలిపే ఆపరేషన్. అన్నీ తెలుసుకుని, మిగతా దారులు చూసి, నాకు ఇదే కావాలని ఆమె అంటే అది ఆమె ఇష్టం. కానీ "పుండు" పేరుతో? గర్భసంచి ముఖం దగ్గర కాస్త ఎర్రగా కనపడడం ఎంతోమంది స్త్రీలలో మామూలే. పాప్ పరీక్ష, అనుమానముంటే ముక్క పరీక్ష చెయ్యకుండా క్యాన్సర్ వస్తుందని ఏ డాక్టరూ చెప్పలేడు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై ఏళ్ళకే ముట్లుడిగిపోయి, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు. అండాశయాలు ఉంచినా అవి ముందుగానే అలసిపోవచ్చు. తీశారో ఉంచారో తెలియని స్త్రీలు నాకు ప్రతి మీటింగులోనూ కనపడతారు. డిశ్చార్జి కాగితం అడిగితే పెట్టెలోంచి తీసుకొస్తారు. అందులో ఇంగ్లీషు.

2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అనవసరంగా తీసిన గర్భసంచుల మీద. పదేళ్ళకి, 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని, స్త్రీకి వివరించి ఆమె అంగీకారం తీసుకోకుండా అనవసరంగా ఆపరేషన్ చేసిన ఆసుపత్రులను బ్లాక్‌లిస్టులో పెట్టాలని కోర్టు చెప్పింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో ఈ ఆపరేషన్లను గమనించే కమిటీలుండాలి. ఎన్ని జరిగాయి, ఏ వయసు వాళ్ళకి, ఏ కారణంతో అని లెక్క చూడాలి. నేనడిగిన ఆశా వర్కర్లకీ ఏఎన్ఎంలకీ ఇట్లాంటి కమిటీ ఒకటుండాలన్న సంగతే తెలియదు. తప్పు వాళ్ళది కాదు, చెప్పినవాళ్ళు లేరు.

ఈ మూడు నెలల్లో మనం చెయ్యగలిగిన పని ఒకటుంది. ప్రతి జిల్లాలోనూ ఒక సంఘం డి.ఎం.హెచ్.ఓ. ఆఫీసుకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. గర్భసంచి ఆపరేషన్లను గమనించే జిల్లా కమిటీ ఏ తేదీన వేశారు, అందులో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, మీటింగు కాగితాల నకళ్ళివ్వండి. పోయిన ఏడాది జిల్లాలో ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో విడివిడిగా ఎన్ని గర్భసంచులు తీశారు, నలభై ఏళ్ళలోపు వాళ్ళెందరు, రాసిన కారణమేమిటి, ఏ ఆసుపత్రి మీదనైనా చర్య తీసుకున్నారా. దాంతోపాటు రెండో కాగితం: జిల్లాలోని సంక్షేమ హాస్టళ్ళలోనూ, గురుకులాల్లోనూ ముట్టునొప్పి బిళ్ళలు ఉన్నాయా, ఎవరి దగ్గరున్నాయి, అడిగిన పిల్లకి ఇవ్వడానికి వార్డెన్ అనుమతి కావాలా. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళ పేరుతో పెడితే రుసుము కూడా ఉండదు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి అప్పీలు. వచ్చిన జవాబులు, రాని జవాబులు కూడా, జిల్లా పేరుతో ఈ పత్రికకి పంపండి.